అవ్వ పలికిన చకారం



స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో ధ్వని, బ్లూటూత్ ఎట్లా పనిచేస్తాయో చెప్పుమని నన్ను అడిగారు. ఇది ఈ సభకు తగిన విషయమేనా అని కొందరికి సందేహం కలుగవచ్చు. మా అవ్వ మాటలను రికార్డు చేసి ఉండకపోతే నాకూ కలిగేదే.

మాది హోసూరు దగ్గరి పల్లె. అవ్వకు తొంభై ఏండ్లు నిండిన 2019 వేసవిలో, కపిల తోలిన నాటి ముచ్చట్లు ఆమె చేత చెప్పించి రికార్డు చేయాలని కూర్చున్నాను. నా లాప్‌టాప్‌లో ఉన్నది లినక్స్. తీగలేని హెడ్‌సెట్టును అవ్వ చెవులకు తగిలించాను. పాటలు చక్కగా వినబడుతున్నాయి గాని మైకు కనబడలేదు. అమరికలు తెరచి చూస్తే ‘ఏ2డీపీ’ అని ఉన్నది. దానిని తీసి ‘హెడ్‌సెట్’ అన్నదానిని ఎంచుకున్నాను. మైకు ప్రత్యక్షమయింది. గెలిచాననుకున్నాను. రెండు గంటలు మాట్లాడించాను.

ఎనిమిది నెలలకు అవ్వ వెళ్ళిపోయింది. ఆ తరువాత ఆమె మాటలను కాగితం మీద పెట్టబోతే, డబ్బాలోనుండి మాట్లాడినట్లున్నది ఆ గొంతు. ఆమె ‘శెనక్కాయ’ అన్నదో, ‘సెనక్కాయ’ అన్నదో తేలలేదు. ‘చల్ల’ అన్నచోట పలికినది దంత్య చకారమో, తాలవ్య చకారమో ఎన్నిసార్లు విన్నా తెలియలేదు.

ఇది చిన్న విషయం కాదు. దంత్య చకారం మరాఠీలో ఉన్నది. మహారాష్ట్రనుండి వచ్చినవారికి అది కొత్త కాదు. మా చుట్టూ ఉన్న కన్నడ, తమిళాలలో లేదు. ఆ రెండింటి నడుమ తరతరాలుగా బ్రతికిన మా పల్లె తెలుగులో అది నిలిచినదా, అరిగిపోయినదా అన్నది పుస్తకం చూసి చెప్పగలిగేది కాదు. అవ్వ వంటివారి నోట వినవలసినదే.

ఎందుకిట్లా జరిగినదో తరువాత తెలుసుకున్నాను. కంప్యూటరు ధ్వనిని సెకనుకు ఇన్నిసార్లని కొలిచి అంకెలుగా దాచుకుంటుంది. ఎన్నిసార్లు కొలిస్తే, అందులో సగం కంపనాల దాకా మాత్రమే ధ్వని దక్కుతుంది. 48,000 సార్లు కొలిస్తే మనిషి చెవికి వినబడేదంతా దక్కినట్లే. బ్లూటూత్‌లో ధ్వనికి చిరకాలంగా ఉన్నవి రెండు దారులు. ఏ2డీపీ పాటలు వినడానికి. ధ్వని బాగుంటుంది, కాని ఒకవైపే నడుస్తుంది, మైకు ఉండదు. రెండవది ఫోను సంభాషణకోసం ఏర్పడిన ఇరుకుదారి. అందులోని పాత పద్ధతి సీవీఎస్‌డీ. సెకనుకు కొలిచేది 8,000 సార్లే. అంటే 4,000 కంపనాలు దాటినదంతా పోతుంది. సకారంలో, దంత్య చకారంలో ఉండే ఊపిరి రాపిడి చాలావరకు ఆ గీతకు పైనే ఉంటుంది. నేను అవ్వ మాటలోనుండి కోసి పారవేసినది సరిగ్గా దానినే.

తప్పు లినక్స్‌ది కాదు, పరిమితి బ్లూటూత్ ప్రమాణంలోనే ఉన్నది. అయితే లినక్స్ కూడా ఈ విషయంలో మెల్లగానే నడిచింది. బ్లూటూత్‌ను నడిపే బ్లూజెడ్ 2001లోనే కెర్నెల్‌లో చేరింది. కార్డుకు, కార్యక్రమాలకు మధ్యవర్తిగా పల్స్ ఆడియోను లెనార్ట్ పోయటరింగ్ 2004లో మొదలుపెట్టారు. ఫోను దారిలో 16,000 సార్లు కొలిచే ఎం-ఎస్‌బీసీ పద్ధతి దానిలోకి వచ్చినది 2021లో విడుదలైన 15వ కూర్పుతోనే. విమ్ టేమన్స్ రూపొందించిన పైప్‌వైర్ అదే ఏడు ఫెడోరా 34లోను, మరుసటి ఏడు ఉబుంటు 22.10లోను ఆ స్థానాన్ని తీసుకున్నది. దీనితో ఒక సౌకర్యమూ, ఒక చిక్కూ వచ్చాయి. ఏదైనా కార్యక్రమం హెడ్‌సెట్టు మైకును అడగగానే దారి తనంతట తానే మారిపోతుంది. నేను కనీసం చేతితో మార్చాను. ఇప్పుడైతే మారినదన్న సంగతే తెలియదు. (బ్లూటూత్ అన్న పేరు తెగలను కలిపిన పదవ శతాబ్దపు డెన్మార్కు రాజుది. మా ఇంట మాత్రం అది అక్షరాలను విడదీసింది.)

ఎల్‌సీ3 అనే కొత్త పద్ధతి ఈ ఇరుకును తీరుస్తుంది గాని, హెడ్‌సెట్టులోను, కంప్యూటరులోను రెండుచోట్లా అది ఉండాలి. అందుకోసం ఎదురుచూడకండి, ఇంట్లో పెద్దవారు ఎదురుచూడలేరు. తీగ ఉన్న మైకు తెచ్చుకోండి. అది లేకపోతే లాప్‌టాప్‌లోని మైకు అయినా ఆ ఇరుకుదారికంటె నయం. ఫ్యాను ఆపి, దగ్గరగా కూర్చోబెట్టండి. వినడానికి హెడ్‌సెట్టు కావాలంటే ఉంచుకోవచ్చు. పల్స్ ఆడియో వాల్యూమ్ కంట్రోల్ అనే కార్యక్రమంలో కాన్ఫిగరేషన్ పుట తెరచి, దానిని ఏ2డీపీలోనే నిలిపి, మైకుగా వేరొకదానిని ఎంచుకోవాలి. ఫైలును ఎంపీ3గా కాక ఫ్లాక్‌గా దాచండి.

ఇంకొక మాట. నా ఫైలు మీద 44,100 అనే వ్రాసి ఉన్నది. దానిని నమ్మి మోసపోయాను. ఇరుకుదారిన వచ్చిన ధ్వనిని కూడా కంప్యూటరు పెద్ద పాత్రలో పోసి దాచగలదు. అడాసిటీలో స్పెక్ట్రోగ్రామ్ చూపుమంటే నిజం బయటపడుతుంది. నా రికార్డులో 4,000 గీతకు పైన రెండు గంటల పొడవునా చీకటే. రెండు నిమిషాలు మాట్లాడించి, ఆ బొమ్మ చూసుకొని, అప్పుడు మిగిలినది మొదలుపెట్టండి.

పోయిన నెల మా చిన్నవ్వ దగ్గర కూర్చున్నాను. ఆమె అవ్వకు చెల్లెలు, ఎనభైనాలుగేండ్లు. ఈసారి తీగ మైకే. ‘చల్ల’ అన్నది, దంత్య చకారం స్పష్టంగా వినబడింది. అవ్వ ఎట్లా పలికేదో అడిగితే, ‘మాదిరే’ అన్నది. ఆ తీగ మాత్రం ఆమెకు నచ్చలేదు. ‘మా అక్కకు మంచిది పెట్టి, నాకు ఈ తాడు కట్టినావేమిరా’ అని నిష్ఠూరమాడింది. అదికూడా రికార్డయింది.