కాగితం మీద పెట్టిన నిర్ణయం



ఈ ఉపన్యాసానికి ఏ విషయం తీసుకుందామా అని ఆలోచిస్తుంటే మన లెక్కల మాస్టారు దిద్దిన పరీక్ష పేపర్లు గుర్తొచ్చాయి. జవాబు తప్పయినా స్టెప్పులు సరిగా ఉంటే మార్కులు పడేవి. స్టెప్పులు లేకుండా జవాబు ఒక్కటే రాస్తే, అది సరైనదే అయినా, పక్కన ఎర్రసిరాతో 'ఎలా?' అని రాసేవారు. బతుకులో మాత్రం మనం ఆ ప్రశ్న వేసుకోం. ఉద్యోగం మారతాం, పొలం అమ్ముతాం, పిల్లను ఫలానా కోర్సులో చేరుస్తాం. మంచి జరిగితే తెలివి అంటాం, చెడు జరిగితే తలరాత అంటాం. ఆ నిర్ణయానికి ఎలా వచ్చామో మాత్రం ఎవరికీ గుర్తుండదు. తన తలను పూర్తిగా నమ్మకుండా, నిర్ణయాన్ని కాగితం మీద పెట్టడం మనిషి అంచెలంచెలుగా నేర్చుకున్నాడు. ఆ చరిత్రే ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

1772 సెప్టెంబరులో లండన్‌లో ఉన్న అమెరికన్ రచయిత, శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను జోసెఫ్ ప్రీస్ట్లీ సలహా అడిగాడు. ప్రీస్ట్లీ అప్పుడు లీడ్స్ పట్టణంలో చర్చి బోధకుడు, శాస్త్ర పరిశోధనలు కూడా చేసేవాడు. ఆయనకు లార్డ్ షెల్‌బర్న్ అనే బ్రిటిష్ ప్రభువు దగ్గర గ్రంథాలయం చూసుకునే ఉద్యోగం వచ్చింది. వెళ్లాలా, వద్దా? ఏం చేయాలో చెప్పడానికి తన దగ్గర తగినంత సమాచారం లేదనీ, ఎలా తేల్చుకోవాలో మాత్రం చెప్పగలననీ ఫ్రాంక్లిన్ జవాబు రాశాడు. అర ఠావు కాగితం మధ్యలో గీత గీయాలి. ఒకవైపు అనుకూలాలు, మరోవైపు ప్రతికూలాలు. మూడు నాలుగు రోజుల పాటు, తోచినప్పుడల్లా రాస్తూ పోవాలి. తర్వాత రెండు వైపులా సరితూగే కారణాలను కొట్టేస్తూ రావాలి. ఒక్కోసారి ఇటు ఒకటి అటు రెండింటికి సమానం కావచ్చు. మిగిలినది ఎటు మొగ్గితే అదే నిర్ణయం.

ఈ ఉత్తరంలో నాకు విలువైనదిగా తోచేది ఆ గీత కంటే, దాని వెనుక ఫ్రాంక్లిన్ చెప్పిన కారణం. చిక్కు ప్రశ్న ఎదురైనప్పుడు కారణాలన్నీ ఒకేసారి మనసులో ఉండవు. పొద్దున ఒకటి ముందుకొస్తే సాయంత్రానికి అది మరుగునపడి ఇంకోటి వస్తుంది. అందుకే మనం ఊగిసలాడతాం. ఈ తూకం లెక్కల్లో ఉన్నంత కచ్చితంగా రాదని ఆయనకు తెలుసు. అయినా అన్నీ ఒకచోట కనపడితే తొందరపాటు తగ్గుతుందన్నాడు. ప్రీస్ట్లీ ఆ కొలువులో చేరాడు. అక్కడే 1774 ఆగస్టులో ఆక్సిజన్ వాయువును వేరుచేశాడు.

రెండో అడుగు జీవపరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్‌ది. 1838లో ఆయన కూడా ఇలాగే ఒక కాగితం మీద పెళ్లి చేసుకుంటే, చేసుకోకపోతే అని రెండు వరసలు రాసుకున్నాడు. మరుసటి జనవరిలో ఎమ్మా వెడ్జ్‌వుడ్‌ను పెళ్లాడాడు. ఆ కాగితం చాలామందికి తెలిసిందే. అంతకన్నా గొప్ప అలవాటు ఒకటి ఆయన తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. తన సిద్ధాంతానికి అడ్డొచ్చే విషయం ఏది కంటపడినా అప్పటికప్పుడు రాసిపెట్టుకునేవాడు. అనుకూలమైన వాటికన్నా అలాంటివే తొందరగా మరపున పడతాయని ఆయన అనుభవం. మన మరుపుకు పక్షపాతం ఉందని కనిపెట్టి, దానికి మందు కూడా చెప్పాడు. ఎవరైనా ఒక స్థలం కొనాలని మనసుపడ్డాక, ఆ దస్తావేజులోని లొసుగు చెప్పిన బంధువు మాట ఎన్నాళ్లు గుర్తుంటుందో ఆలోచించండి.

మూడో అడుగు ప్రాణాల ఖరీదుతో పడింది. 1935 అక్టోబరు 30న అమెరికాలో డేటన్ పట్టణం దగ్గర, రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ వారి నాలుగింజిన్ల కొత్త విమానం పైకి లేచి వెంటనే కూలిపోయింది. యంత్రంలో లోపం లేదు. నేల మీద ఉన్నప్పుడు గాలికి తోక భాగాలు కదలకుండా వేసే లాక్‌ను తీయడం మరిచిపోయారు. నడిపినవాడు ఆరితేరిన పైలట్, మేజర్ హిల్. ఆయనా, బోయింగ్ పైలట్ లెస్ టవరూ చనిపోయారు. ఆ తర్వాత పైలట్లు చిన్న జాబితా తయారుచేసుకున్నారు: ఎగిరే ముందు ఏం చూడాలి, దిగే ముందు ఏం చూడాలి. ఆ నమూనాయే బి-17 యుద్ధవిమానంగా మారి 12 వేలకు పైగా తయారైంది. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇదే పద్ధతిని ఆపరేషన్ థియేటర్లోకి తెచ్చింది. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగిని బయటికి పంపే ముందు పైకి చదివి సరిచూసుకోవాల్సిన 19 అంశాలు. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో పరీక్షిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. అనుభవజ్ఞుడికి జాబితా నామోషీ కాదని ఈ అంకెలే చెబుతున్నాయి.

ఇక నాలుగో అడుగు. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా, సోవియట్ యూనియన్ పర్యటనలకు వెళ్లే ముందు, ఇజ్రాయెల్‌లో బరూక్ ఫిష్‌హాఫ్, రూత్ బేత్ అనే పరిశోధకులు విద్యార్థులను అడిగారు: నిక్సన్ చైనా నేత మావోను కలుస్తాడా? ఇలాంటివి జరిగే అవకాశం ఎంత? అంకెలు రాయించుకున్నారు. పర్యటనలు అయ్యాక, అప్పుడు మీరేం రాశారో గుర్తుచేసుకుని చెప్పండి అన్నారు. జరిగిన వాటికి తాము ముందే ఎక్కువ అవకాశం ఇచ్చామని చాలామందికి గుర్తు! వాళ్లు అబద్ధమాడలేదు. ఫలితం తెలియగానే పాత అంచనా మనసులో తనంతట తానే మారిపోయింది. 'నాకు ముందే తెలుసు' అనే మాట ఇక్కడ పుడుతుంది. ముందే తెలుసనుకునేవాడికి నేర్చుకోవలసిందేమీ మిగలదు. అందుకే తేదీ వేసి ముందుగా రాసిన కాగితం అంత అవసరం.

ఈ వరసలో మనవాడూ ఉన్నాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకున్న కల్యంపూడి రాధాకృష్ణారావు గారు. మనకు తెలిసినది అనిశ్చితమే అయినా, ఆ అనిశ్చితి ఎంతో కూడా తెలిస్తే అది పనికొచ్చే జ్ఞానం అవుతుందని ఆయన బోధ. కాబట్టి 'ఇది మంచిది' అని రాస్తే చాలదు. 'పదింట ఏడు పాళ్లు మంచిదనుకుంటున్నాను' అని రాయాలి.

మిత్రులారా, ముఖ్యంగా విద్యార్థులారా, ఈ రెండున్నర శతాబ్దాల అనుభవం ఒక్క నోటుపుస్తకంలో పడుతుంది. పెద్ద నిర్ణయం వచ్చినప్పుడు నాలుగు సంగతులు రాయండి: రెండు వైపుల కారణాలు, మీ ఇష్టానికి అడ్డొచ్చే నిజం, మరవకూడని పనులు, ఫలితం మీద మీ నమ్మకం ఎన్ని పాళ్లో. కింద తేదీ వేయండి. ఏడాది తర్వాత ఇంట్లోవాళ్లతో కలిసి చదవండి. మంచి నిర్ణయానికీ చెడు ఫలితం రావచ్చు. అప్పుడు మిమ్మల్ని మీరు నిందించుకోనక్కర్లేదని ఆ పేజీ చెబుతుంది. చెడు నిర్ణయం అదృష్టం కొద్దీ గట్టెక్కితే, మళ్లీ అలా చేయొద్దని కూడా అదే చెబుతుంది. ఎదుగుదల అంటే నా దృష్టిలో ఇదే. దానికి డబ్బు అక్కర్లేదు, డిగ్రీ అక్కర్లేదు. మన ఆలోచనను మనమే దిద్దుకునే ధైర్యం ఉంటే చాలు. ఆ ధైర్యం మీ అందరికీ కలగాలని కోరుకుంటున్నాను.