పదములలో అక్షరముల వేట

 

ఇంగ్లీషు చదివెడి బాలురకు నొక వినోదము కలదు. ఫలాని అక్షరములు గల పదములలో మిక్కిలి పొడవైనది యేది యని యొకడడుగును. రెండవవాడు నిఘంటువు తెఱచి కూర్చుండును. ఏ, ఈ, ఐ, ఓ, యూ అను అయిదచ్చులును వరుస తప్పక ఒక్కొక్క మాఱే వచ్చు పదము చెప్పుమన్నచో 'ఫసీషియస్' అనుటకు కొంత సేపు పట్టును. పరిహాసమాడెడి యని దాని యర్థము.

నిడివికి పేరెన్నికగన్న పదము మఱియొకటి కలదు. 1935లో అమెరికాలో పదక్రీడాకారుల సంఘమునకు అధ్యక్షుడగు ఎవరెట్ స్మిత్ దానిని కూర్చెను. 'న్యుమోనో' అని మొదలై 'కోనియోసిస్' అని ముగియు నా పదమున 45 అక్షరములున్నవి. అతి సూక్ష్మమైన సిలికా ధూళిని పీల్చుటచే ఊపిరితిత్తులకు వచ్చు వ్యాధి యని అర్థము. పదము ఆటకై పుట్టినదే కాని వ్యాధి ఆట కాదు. బెల్లంపల్లి, మందమఱ్ఱి, రామగుండము గనుల పేర్లు వినిన వారికి ధూళి యననేమో చెప్పనక్కఱలేదు. వైద్యుడు దానిని తొమ్మిదక్షరములలో సిలికోసిస్ అని ముగించును. రోగికి అదియు నెక్కువయే, దగ్గు అనును.

అక్షరముల లెక్క అన్ని భాషలకు నొక్కటి కాదు. 'త్రూ' అను ఇంగ్లీషు పదమునకు ఏడక్షరములు వ్రాయుదురు. తెలుగున నది యొక్క అక్షరము. అట్లని తెలుగు లిపి తేలికయని భ్రమింపరాదు. సంపూర్ణత్వమను అర్థము గల 'కార్త్స్న్యము' అను పదమున నున్నవి మూడే అక్షరములు; నడిమి యక్షరమున మాత్రము అయిదు హల్లులు ఒకదానిపై నొకటి యెక్కి కూర్చున్నవి.

వెదకుటలోని కష్టము వేఱొకచోట నున్నది. పహాణీని సర్వే నంబరుల వరుసను వ్రాసెడివారు. నంబరు తెలిసిన వానికి పొలము క్షణములో దొరకును. ఒక పట్టాదారునకు ఎన్ని తావుల భూమి కలదో, ఒక కుంట క్రింద ఎన్ని మడులు పాఱునో చూడవలెనన్నచో ఆ వరుస పనికి రాదు. పుస్తకమంతయు తిరుగవేయవలయును, లేదా పేర్ల వారీగా వేఱొక లెక్క వ్రాసికొనవలయును. నిఘంటువును ఇట్టిదే. 19వ శతాబ్ది ఆరంభమున మామిడి వెంకయ్య కూర్చిన ఆంధ్రదీపికయు, 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరమును అకారాది క్రమమున నడచినవి. మొదటి యక్షరము తెలిసిన వానికే అవి దారి చూపును. నడుమ నేమున్నదో, తుద నేమున్నదో వానికి పట్టదు.

పూర్వులు ఈ కొఱత నెఱుగనివారు కారు. అమరకోశమునందలి నానార్థవర్గము పదము తుది హల్లును పట్టి కూర్చబడినది. మేదినీకోశమును ఆ దారినే నడచినది. హేమచంద్రుని అనేకార్థసంగ్రహమున పదమునకు ఎన్ని అచ్చులన్న లెక్కయు చేరినది. అనగా ఇన్ని యక్షరముల పొడవు గలిగి, తుదను ఫలాని హల్లు గల పదమేది యన్న ప్రశ్నకు ఎనిమిది వందల యేండ్లకు ముందే సమాధానము సిద్ధముగా నుండెనన్నమాట.

తెలుగు కవికి కావలసినది తుది యక్షరము కాదు, రెండవది. అదియే ప్రాస. ఇందులకు సాక్ష్యము కరీంనగరం జిల్లా గంగాధర మండలము కురిక్యాల చెంత బొమ్మలగుట్టపై నున్నది. పంపకవి సోదరుడు జినవల్లభుడు సుమారు 945 ప్రాంతమున అచ్చట చెక్కించిన శాసనమున సంస్కృత, కన్నడములతో పాటు తెలుగు కంద పద్యములు మూడున్నవి. వానిలో మొదటి దాని ప్రాస నకారము. జినుని పేరిట నకారము సహజముగనే కలదు గనుక కవికి దైవమే ప్రాసను సమకూర్చెనని చెప్పవచ్చును! కోశమును విప్పి వెదకెనో, నాలుకపై నున్న పదములనే యేఱుకొనెనో ఱాయి చెప్పదు.

అక్షరమును కోరి తెచ్చుట ఒక యెత్తు; కోరి విడుచుట మఱియొక యెత్తు. 16వ శతాబ్దమున తెలంగాణమున వెలసిన మరింగంటి సింగనాచార్యుడు పెదవులు తాకని యక్షరములతోనే రామకథను వ్రాసెను. పవర్గము కూడదు, మకారము పవర్గములోనిది. రామకథ చెప్పవలెను, రాముడనరాదు! అందులకే గ్రంథమునకు దశరథరాజనందన చరిత్ర యని పేరు. పెదవి కలుపకుండ పలికి చూడుడు. సంస్కృతమున దండి దశకుమారచరితమున మంత్రగుప్తుని చేత ఇట్లే మాటలాడించెను. ప్రియురాలు పెదవి కొఱికినదట, పాపము. 1939లో అమెరికాలో ఎర్నెస్ట్ విన్సెంట్ రైట్, ఇంగ్లీషున మిక్కిలి తఱచుగా వచ్చు 'ఈ' అక్షరము లేకయే ఏబది వేల పదములకు మించిన నవలను ప్రకటించెను.

ఇవి విద్వాంసుల వ్యాయామములని కొందఱందురు. కాని అక్షరము పదము యొక్క ఇంటిపేరు వంటిది. చిన్నయసూరి బాలవ్యాకరణమున సంస్కృతమునకు 50 వర్ణములు, తెలుగునకు 36 మాత్రమే చెప్పెను. ఖ, ఘ, థ, ధ వంటి ఒత్తులు గల పదము తఱచుగా సంస్కృతము నుండి వచ్చినది. ఱకారము సంస్కృతమున లేదు. అది యున్న పదము తెలుగు బిడ్డ. చెఱువు, చెఱకు, గుఱ్ఱము, గొఱ్ఱె, కఱ్ఱ, మఱ్ఱి, నూఱు, ఆఱు: ఇవి యన్నియు పల్లెవాని నిత్యావసరములు. అరుగు అన్న వెడలుట. అఱుగు అన్న జీర్ణమగుట. ఒక్క గీత మాఱిన అన్నము కడుపులో నుండక వీధిని పడును. ఈ రెండు రేఫలకును ప్రాస కూడదని లాక్షణికులు అంత పట్టుపట్టిరి.

ఆ ఱకారమే నేడు పాఠ్యపుస్తకములనుండి, పత్రికలనుండి, ఊరి పేర్ల పలకలనుండి తొలగినది. నేటి యంత్రము ఏ యక్షరము ఎచ్చట నున్నను కనుఱెప్పపాటున చూపగలదు. కాని చెరువు అని యెక్కించిన పుస్తకమున చెఱువును వెదకిన దానికేమి దొరకును? మందమర్రి యని పలకపై చదివినవాడు నిఘంటువు తెఱచి చూచినప్పుడే మఱ్ఱిని కనుగొనును.

కావున గ్రంథాలయమున నొక నోటు పుస్తకమును వేఱుగా నుంచుట మంచిది. ఇంగ్లీషు పొడవు పదములకై పందెము వేయు బాలురే సాయంకాలము ఊరి పొలముల పేర్లను పెద్దల నడిగి అందు వ్రాయవచ్చును. ఎఱ్ఱచెలక, మఱ్ఱికుంట, చెఱువు క్రింది మడి. ఏ యక్షరముతో మొదలగునో ఆ వరుసను కాక, రెండవ యక్షరము వరుసను.