కన్నదీ విన్నదీ ఒకటి కాదు
(కౌతాళం సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఖాదర్‌లింగస్వామి దర్గా వెలసిన ఈ కౌతాళంలో తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ మూడూ వినిపిస్తాయి. 1953 వరకు బళ్ళారి జిల్లాలో ఉన్న ఆదోని ప్రాంతమిది. ఇతరుల వలన విన్న మాటను చెప్పేటప్పుడు తెలుగులో ‘అట’ అంటాం, కన్నడంలో ‘అంతె’ అంటారు, మన ఇళ్ళలో ‘కతే’ అంటాం. ‘వో ఆయా కతే’ అంటే ‘అతడు వచ్చాడట’ అని అర్థం. పొరుగు భాషల సహవాసంలో దక్కనీకి అబ్బిన వాడుక ఇది.

‘ఇది నేను కన్నది కాదు, విన్నది’ అని తెలిపేదే ఈ చిన్న పదం. మాట నోళ్ళు మారేకొద్దీ మొదట రాలిపోయేదీ ఇదే. ‘వారు రోగం అంటించారట’ అన్నది పది నోళ్ళలో పడేసరికి ‘అంటించారు’ అవుతుంది. విన్నవాడు సాక్షిగా మారతాడు. అపవాదు నిజమై కూర్చుంటుంది.

2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ సమావేశం తరువాత జరిగింది ఇదే. టీవీ చర్చల్లో, ఫోను సందేశాల్లో ‘కరోనా జిహాద్’ అనే మాటను పదేపదే వల్లించారు. కూరగాయలమ్ముకొనే ముస్లింలను పలుచోట్ల వీధుల్లోకి రానివ్వలేదు. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం తబ్లీగీ విదేశీయులపై పెట్టిన కేసులను కొట్టివేసింది. వారిని బలిపశువులను చేసి ఉండవచ్చునని వ్యాఖ్యానించింది. మీడియా ప్రచారాన్ని తప్పుపట్టింది. కాని నింద చేరిన గడప గడపకూ తీర్పు చేరలేదు.

వల్లించడమే దోషం కాదు. హాఫిజ్‌లు వల్లించడం వలననే ఖురాన్ అక్షరం తప్పక తరతరాలకు అందుతోంది. ఎవరి నుండి ఎవరు విన్నారో తెలిపే ‘ఇస్నాద్’ను పరిశీలించకుండా హదీసువేత్తలు ఉల్లేఖనాన్ని స్వీకరించలేదు. నమ్మదగనివాడు వార్త తెస్తే విచారించుకోవాలని హుజురాత్ సూరా 6వ వాక్యం ఆదేశిస్తోంది.

కనుక నింద వినిపించినప్పుడు ‘ఎవరు చూశారు? ఎవరు చెప్పారు?’ అని మర్యాదగా అడుగుదాం. ఫిర్యాదు రాయవలసి వస్తే ఆ మాటను ఉన్నదున్నట్లుగా, అన్నవారి పేరుతో, తేదీతో, స్థలంతో రాద్దాం. పొరుగువారిని గురించి మన ఫోనుకు వచ్చే సందేశాన్నీ అదే తూకంతో తూచుదాం. మూలం తెలియనిదాన్ని మరొకరికి పంపవద్దు. ఇతరుల విషయంలో ‘కతే’ను వదిలివేసి, మన విషయంలో మాత్రం సాక్ష్యం అడిగితే వినేవారెవరు?