ఖాళీ గోడల నడుమ కచేరీ

ఆపత్కాలంలో కళ వల్ల కలిగే ఊరటను బాధను కాసేపు మరిపించే కాలక్షేపంగా మాత్రమే చూడటం పరిపాటి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో లండన్‌లోని నేషనల్ గ్యాలరీలో సాగిన మధ్యాహ్న కచేరీల చరిత్రను పరిశీలించినవారికి ఆ అభిప్రాయం ఎంత కురచదో తెలుస్తుంది.

1939 సెప్టెంబరులో యుద్ధం మొదలు కాగానే, విమానదాడులకు వెరచి ప్రభుత్వం నాటకశాలలను, సంగీతశాలలను మూయించింది. గ్యాలరీలోని చిత్రాలను భద్రత కోసం అప్పటికే నగరం వెలుపలికి తరలించినందువల్ల అక్కడ ఖాళీ గోడలు మిగిలాయి. రాత్రివేళ వెలుగు బయటికి కనబడకూడదన్న నిబంధన వల్ల సాయంకాలపు కచేరీలు దుర్లభమయ్యాయి. పియానో విద్వాంసురాలు మైరా హెస్ ఆ భవనంలో అప్పుడప్పుడు కచేరీ జరుపుకోనివ్వమని కోరగా, గ్యాలరీ సంచాలకుడు కెనెత్ క్లార్క్ రోజూ ఎందుకు జరపకూడదని అడిగాడు. అక్టోబరు 10న ఆమె స్వయంగా వాయించిన తొలి కచేరీకి దాదాపు వెయ్యిమంది వచ్చారు. ప్రవేశానికి ఒక షిల్లింగు, అనగా పౌండులో ఇరవయ్యో వంతు, చెల్లిస్తే సరిపోయేది. కార్యాలయాల్లో పనిచేసేవారు భోజన విరామంలోనే వచ్చి వెళ్లగలిగేవారు.

ఈ ఏర్పాటులో ఎక్కువ గౌరవించదగినది పారితోషికాల పద్ధతి. సంగీతశాలలు మూతబడి కళాకారులు జీవనోపాధి కోల్పోయిన ఆ రోజుల్లో పేరున్నవారికీ, కొత్తవారికీ ఒకే మొత్తం ముట్టేది. హెస్ మాత్రం తన కచేరీలకు ఏమీ పుచ్చుకోలేదు. వినేవారితోపాటు వాయించేవారికీ ఆసరా దొరికిందన్నమాట. అంతకంటే సాహసోపేతమైనది కార్యక్రమాల ఎంపిక: యూదు కుటుంబంలో పుట్టిన హెస్, జర్మనీ విమానాలు నగరంపై బాంబులు కురిపిస్తున్న కాలంలో, జర్మన్ స్వరకర్తలైన బాఖ్, బీథోవెన్‌ల సంగీతాన్ని నిస్సంకోచంగా వినిపించి, ఆ సంపద హిట్లర్ సొత్తు కాదని చాటింది.

1940 సెప్టెంబరులో ‘బ్లిట్జ్’, అనగా లండన్‌పై ఎడతెగని బాంబుదాడి, ఆరంభమైనప్పుడు కచేరీలు నేలమాళిగకు మారాయి. గ్యాలరీ భవనమే దెబ్బతిన్నా అవి ఆగలేదు. వినడానికి వచ్చినవారెవరూ భయాన్ని ఇంటి దగ్గర వదిలిరాలేదు. ఒకే భయం ఉన్న వందలమంది ఒక గదిలో కూర్చుని ఒకే స్వరాన్ని ఆలకించినప్పుడు, ఆ భయం ఒంటరి భారంగా ఉండదు. ఊరటలోని అసలు పని ఇదేననిపిస్తుంది.

చిత్రకళ కోసమూ జనం ఆరాటపడ్డారు. అందుకే 1942 నుంచి నెలకొక గొప్ప చిత్రాన్ని, ప్రమాదమున్నా, లండన్‌కు రప్పించి ప్రదర్శించారు. మొదట వచ్చిన వాటిలో ఇటలీ చిత్రకారుడు టిషియన్ గీసినదొకటి.

దాదాపు 1,700 కచేరీల తరువాత, 1946 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాలు ముగిశాయి. శాంతి వచ్చాక కూడా అవి కొనసాగాలని హెస్ ఆశించింది. ఆ ఆశ సబబే. పనిదినం మధ్యలో, చౌకగా, అందరి సరసన కూర్చుని గొప్ప సంగీతం వినగలిగే వసతి బాంబులు ఆగిన నగరానికీ అంతే అవసరం.