క్యాసెట్టుపై కొత్త నాదము

గ్రామఫోను కాలమున ఒక పాట జనుల చెవిని చేరవలెనన్న, ముందుగా కంపెనీవారి అంగీకారము కావలసియుండెను. అమ్ముడుపోదని తోచిన పాట రికార్డుకెక్కుట అరుదు. 1963లో ఫిలిప్స్ సంస్థ చిన్న క్యాసెట్టును వెలువరించిన తరువాత ఆ కట్టు సడలినది. నాలుగు మిల్లీమీటర్లకు లోపు వెడల్పుగల టేపు, రెండు టేపురికార్డర్లు, ఒక గది ఉన్న చాలును. ఎవరైనను తమ నాదమును తామే ప్రచురించుకొనవచ్చును.

ప్రయోగాత్మక సంగీతమునకు ఈ వీలు వరమైనది. లండనులో థ్రాబింగ్ గ్రిసిల్ బృందమువారు 1976లో ఇండస్ట్రియల్ రికార్డ్స్ అను సంస్థను నెలకొల్పిరి. 1980లో తమ కచ్చేరీలను 24 క్యాసెట్లుగా ఒక్క పెట్టెలో కూర్చి విక్రయించిరి. అందు పల్లవి లేదు, చరణము లేదు. యంత్రముల రొద, మాటల తునకలు కలవు. ఇట్టి చాటు సంస్థలు పిదప అనేక దేశములలో వెలసినవి. కొద్దిపాటి ప్రతులు తీసి, తపాలాలో పంపుట వారి పద్ధతి.

మన తెలుగునాట ఈ చాటుదారిన నడచినది యంత్రపు రొద కాదు, జానపద బాణీ. జననాట్యమండలి 1972లో ఏర్పడినది. గద్దరు 1985 నుండి 1990 వరకు అజ్ఞాతవాసములో నుండగా, ఆ పాటలు క్యాసెట్లపై చేతులు మారుచు ఊరూర తిరిగినవి. ఆ భావములతో ఏకీభవించుట, ఏకీభవింపకుండుట వేరు మాట. కంపెనీ గడప త్రొక్కకయే పాట జనులను చేరగలదని మాత్రము తేలినది.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము శ్రోతలకు రాగములేని సంగీతము వింతగా తోచవచ్చును. కాని ధర్మవరము చేరువనున్న నిమ్మలకుంట తోలుబొమ్మలాటను స్మరింపుడు. యుద్ధఘట్టమున కళాకారుడు తెరవెనుక చెక్కలను దబదబ త్రొక్కును. అది పాట కాదు, పద్యము కాదు. అయినను రామరావణ యుద్ధము కన్నులకు కట్టును. కావున శబ్దముతో ప్రయోగము మనకు పరాయిది కాదు.

ఇట్టి ఆటలను, హరికథలను ఇంటి టేపురికార్డరులో పట్టి దాచినవారు మీలో నుందురు. కంపెనీ రికార్డు ఒకటి పగిలిన వేరొకటి దొరకవచ్చును. ఇంట పట్టిన క్యాసెట్టునకు జోడు లేదు. టేపు మీది అయస్కాంతపు పూత ఎండకు, తేమకు చెడును. కావున క్యాసెట్టు వెనుక అంచుననున్న రెండు చిన్న రేకులను విరువుడు; దానిపై పొరపాటున మరియొకటి ఎక్కకుండును. ఎండ తగులనిచోట, లౌడుస్పీకరుకు దూరముగా, నిలువున నుంచుడు. టేపు తిరుగుచుండగనే కంప్యూటరులోనికి ప్రతి తీయించుడు. ప్రతి తీసిన పిదపను మూలమును పారవేయకుడు. దానిపై పాడినవారి పేర్లను, ఊరిని, సంవత్సరమును వ్రాసియుంచుడు. గొంతు ఎవరిదో చెప్పగల పెద్దలు ఉన్నప్పుడే ఆ పని జరుగవలెను.