కుర్చీ పట్టిన చేయి
ఉగాది సభలో చేసిన ప్రసంగము

పంచాంగ శ్రవణమునకు, భోజనములకు నడుమ మాకు దొరికిన కొద్ది సమయములో ఒక ఫోటోను గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాము.

దాని పేరు 'డాలీ అటామికస్'. 1948లో న్యూయార్కులో ఫిలిప్ హాల్స్‌మన్ తీసిన నలుపు తెలుపుల చిత్రము. మెలివేసిన మీసాల స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ కుంచె చేతబట్టి గాలిలోకి ఎగిరి ఉన్నాడు. మూడు పిల్లులు గాలిలో తేలుతున్నవి. వాటి మధ్యగా నీటిధార వంపు తిరిగి సాగుతున్నది. కుర్చీ, పీట, బొమ్మలు పెట్టే స్టాండు, ఏదీ నేలను తాకదు.

మెలకువలోని వస్తువులతో కలలోని వింతను చూపుట సర్రియలిజము. మనవారు దానికి అధివాస్తవికత అని పేరు పెట్టారు. ఆ బాటలో పేరుమోసిన డాలీకి, 1945లో అణుబాంబు పడిన తరువాత, అణువుపై ధ్యాస మళ్ళింది. ఏదీ దేనినీ తాకకుండ నిలిచే లోకమును 'లేడా అటామికా' అనే చిత్రములో వేయసాగాడు. ఈ ఫోటోలో కుడివైపున, పిల్లుల వెనుక కనబడేది అదే.

నెగటివులు అతికించి చేసిన గారడి అనుకొనేరు. కాదు. స్టాండును, బొమ్మలను, పీటను తీగలతో వేలాడదీశారు. కుర్చీని హాల్స్‌మన్ భార్య ఇవోన్ ఎత్తి పట్టుకున్నది. మూడు అనగానే సహాయకులు పిల్లులను, నీటిని విసిరేవారు. నాలుగు అనగానే డాలీ ఎగిరేవాడు. అదే క్షణమున ఫోటో తీసేవారు. ఒకసారి డాలీ ఎగురుట ఆలస్యమైనది. ఒకసారి నీరు ఆయన మీదనే పడినది. ప్రతిసారీ నేల తుడవాలి, పిల్లులను పట్టి తేవాలి, చీకటిగదిలో ఫిల్ము కడిగి చూడాలి. ఇట్లా 28 సార్లు, ఐదారు గంటలు! పిల్లులను విసరుట మనకు రుచించదు, నిజమే. మొదట నీటికి బదులు పాలు అనుకున్నారు. యుద్ధముతో కరువుపడిన ఐరోపా జనము పాలు పారబోస్తే సహించరని మానుకున్నారు.

'లైఫ్' పత్రికలో అచ్చైన ప్రతిలో తీగలు లేవు, ఆ ఇల్లాలి చేయి లేదు. చెరిపివేశారు. దిద్దని ప్రతి కూడ నిలిచి ఉన్నది. అందులో తీగలున్నవి, కుర్చీ పట్టిన చేయి ఉన్నది. మాకు ఆ ప్రతిపైనే మక్కువ.

హాల్స్‌మన్ కూడ వలస వచ్చినవాడే. 1906లో లాత్వియాలోని రీగాలో పుట్టి, పారిస్‌లో పేరు తెచ్చుకున్నాడు. 1940లో జర్మను సేనలు రాగా ఆ ఊరు విడిచాడు. ఐన్‌స్టీన్ మాటసాయముతో అమెరికా వీసా దొరికింది. తరువాత 'లైఫ్' ముఖచిత్రములు 101 తీశాడు. ఆ కీర్తి వెనుకనూ ఒక కనిపించని చేయి ఉన్నదన్నమాట.

తరాలుగా పొరుగు గడ్డపై నిలిచిన మనకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. బడిలో తెలుగు లేని పిల్లలకు పలకపై ఓనమాలు దిద్దించిన నాయనమ్మలు, చందా పుస్తకము చంకన పెట్టుకొని ఎండలో వీధులు తిరిగినవారు, తెల్లవారుజామున లేచి ఈ పందిరికి మామిడాకులు కట్టినవారు, వీరెవరూ వేదిక మీది ఫోటోలో పడరు.

కార్యవర్గమువారికి మా మనవి ఒక్కటే. వచ్చే ఏటి సంచికలో అధ్యక్షుల ఫోటో తప్పక వేయండి. దాని పక్కనే వంటశాలలోనివారి పేర్లూ అచ్చువేయండి. సెలవు.