అన్నా, లెక్క చూపించు



ఒక తండ్రి తను కొన్న పొలం కొడుక్కీ కూతురికీ చెరి సగం అని వీలునామా రాశాడనుకోండి. పంచే పని కొడుక్కి అప్పగించాడు. తండ్రి పోయాక కొడుకు ప్రొబేట్ తెచ్చుకున్నాడు. ప్రొబేట్ అంటే, ఈ వీలునామా నిజమైనదే అని కోర్టు ముద్ర వేసి ఇచ్చే కాగితం.

రెండు పంటలు ఇంటికొచ్చాయి. చెల్లెలు అడిగింది, "అన్నా, నా వాటా ఏదీ?"

"నాన్న బాకీలకే సరిపోయింది" అన్నాడు.

ఎవరి బాకీ? ఎంత? కాగితం లేదు. గట్టిగా అడిగితే పుట్టిల్లు దూరమవుతుందని ఆమె భయం. అది ఉత్త భయమేం కాదు.

కానీ లెక్క అడగడం తగువు కాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం, 317వ సెక్షన్ ప్రకారం ప్రొబేట్ వచ్చిన 6 నెలల్లో ఆస్తి, అప్పులు, రావలసిన బాకీలు జాబితా రాసి కోర్టులో ఇవ్వాలి. ఏడాది లోపల జమాఖర్చు చూపాలి. కోర్టు గడువు పెంచితే వేరే మాట. కావాలని ఎగ్గొట్టినా, తప్పుడు లెక్క ఇచ్చినా ప్రొబేట్ రద్దు కావచ్చు.

చెల్లెలు ఆ కోర్టులోనే అర్జీ పెట్టుకోవచ్చు. వకీలుకు డబ్బు లేదా? 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్ళకు, రాబడి ఎంతని చూడకుండా, ఉచితంగా వకీలును ఇస్తారు. కోర్టు దగ్గరి న్యాయ సేవా సంస్థలో అడగాలి.

లెక్క చేతికొచ్చాక గబుక్కున సంతకం పెట్టొద్దు. అంకెలు వచ్చు గదా, కూడి చూడండి. రసీదు లేని బాకీ మీద వేలు పెట్టి అడగండి, "ఇది ఎవరికిచ్చావన్నా?"